మూతబావ రీలు

తలుపు మూసుకోగానే అవతల గొలుసు చప్పుడైంది. ఒక చుట్టు, రెండో చుట్టు, ఆ పైన తాళం పడిన చప్పుడు.

కెమెరా మెకానిక్ గిరుక్కున తలుపు వైపు తిరిగాడు. సామాన్ల పెట్టె పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో శాంపిళ్లు పెట్టుకునే గది అది. కిటికీ లేదు. పైన ట్యూబ్‌లైటు, గోడకి తిరగని ఎగ్జాస్ట్ ఫ్యాను, మూల ఒక సింకు, మడిచి పేర్చిన అట్టలు. అయిదు రోజుల కిందట పక్క షెడ్డు తగలబడింది. ఆ వాసన ఈ అట్టల్ని ఇంకా వదల్లేదు.

"కూర్చోండి మాస్టారూ," అన్నాడు మేనేజరు. "గొలుసు చూసి గాభరాపడకండి. మా దగ్గర పని జరుగుతుంటే తలుపులకి అదే అలవాటు."

అన్నాక నాలిక కరుచుకున్నాడు. మెకానిక్ విననట్టు ఊరుకున్నాడు గానీ, ఆ మాట మాత్రం చెవిలో ఉండిపోయింది. ఎందుకంటే ఊళ్లో అందరూ తగలబడిన షెడ్డు తలుపు గురించే మాట్లాడుకుంటున్నారు. మంటల్లో ఇద్దరు ఆడవాళ్లు పోయారు. వెనక తలుపు తెరిచే ఉందని కంపెనీ అంటోంది. మంటలకి కారణం ఆ రోజు కార్మికుల గుర్తింపు కార్డులకి ఫోటోలు తియ్యడానికొచ్చిన ఫోటోగ్రాఫర్ లైట్లేనని కూడా అంటోంది.

ఆ ఫోటోగ్రాఫర్ మెకానిక్‌కి సొంత బావ. అక్క మొగుడు. పొగ పీల్చి గొంతు కాలి, గొట్టం పెట్టించుకుని ఆస్పత్రిలో పడున్నాడు. నోట మాట లేదు. లేచి తిరిగే రోజొస్తే నేరుగా జైలుకే అని అప్పుడే చెప్పుకుంటున్నారు.

మేనేజరు ఒక గుడ్డమూట విప్పి కెమెరాని బల్ల మీద పెట్టాడు. "ఇది మీదేగా?"

మెకానిక్ చూడగానే గుర్తుపట్టాడు. తను పుట్టకముందు తయారైన కెమెరా. చేతిలో పట్టే సైజు, ఇత్తడి ఒంటికి నల్లతోలు, నెత్తి మీద మూడు గుండ్రటి చక్రాలు, ముఖాన రెండు చిన్న కిటికీలు. వెనక తలుపుండదు, అడుగురేకు ఊడదీసి కిందనుంచి రీలు ఎక్కించాలి. బావ కెమెరా పాడైతే తనే దీన్ని అరువిచ్చాడు. రీలూ తనే ఇచ్చాడు. పెద్ద చుట్ట కొని, ముక్కలు కోసి, పేరూ ఊరూ లేని రేకు డబ్బాల్లో తనే నింపుకుంటాడు.

"నాదే. మా బావకిచ్చాను."

"తెలిసే పిలిపించాను. కిందపడి ఈ అడుగురేకు వంకరపోయింది. రీలు లోపల ఇరుక్కుంది. వెలుతురు తగిలితే పాడవుతుందని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు."

"పాడైతే మీకేంటి సార్ నష్టం?"

మేనేజరు నవ్వాడు. "తెలివైనవారే. విచారణాధికారి దీన్ని కళ్లారా చూసి లిస్టులో రాసుకుంది. రేపు పదింటికి అప్పగించాలి. మాయం చేశామంటే మా మెడకే చుట్టుకుంటుంది. అందుకే ముందు మేం చూస్తాం. కార్మికుల మొహాలే ఉంటే నవ్వుతూ ఇచ్చేస్తాం. ఇంకేదైనా ఉంటే..." సింకు వైపు చూశాడు. "రిపేరులో రీలు పాడైందని మీరే రాసి సంతకం పెడతారు. మీ బావ ఉన్న ఆస్పత్రి మా ఓనర్ గారి తమ్ముడిది. ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదనుకుంటా."

తలుపు దగ్గర నిలబడ్డ గార్డు అప్పటికే మెకానిక్ ఫోన్ లాక్కుని జేబులో వేసుకున్నాడు. వచ్చేటప్పుడు పెట్టె కూడా ఫోన్ల కోసమే తడిమాడు. రెండు పొడుగుచేతులు కుట్టిన నల్లసంచిని ఎత్తిపట్టుకుని, "ఇదేంటి, తలకాయ లేనోడి చొక్కానా?" అని నవ్వి లోపల పడేశాడు.

మెకానిక్ కెమెరా చేతిలోకి తీసుకున్నాడు. తాళం తీసేవాడి చేతుల్లాగా అతని చేతులు వాటంతటవే పని మొదలుపెట్టాయి. ఫోటోల లెక్క చూపే చక్రం ఇరవైనాలుగు దగ్గర ఆగింది. అంటే రీలంతా అయింది. లెన్స్ చుట్టూ ఉన్న దూరం రింగు చూశాడు. ఒక మీటరు దగ్గర ఉంది.

అతని వేలు అక్కడే ఆగిపోయింది.

గుర్తింపు కార్డు ఫోటోలకి బావ ఎప్పుడూ రెండు మీటర్లు పెడతాడు. ముప్పయ్యేళ్లుగా అదే కొలత, నేలమీద సుద్దగీత గీసి మరీ నిలబెడతాడు. ఆఖరి ఫోటో దేనికో అంత దగ్గరికెళ్లి తీశాడు. మొన్న ఆస్పత్రిలో పలక ఇస్తే వంకరటింకర అక్షరాలతో రెండే మాటలు రాశాడు. గొలుసు. రీలు. అక్కకి అర్థం కాలేదు. తన మెడలో గొలుసు గురించనుకుని, "ఉందిలెండి, ఎక్కడికీ పోలేదు," అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఇప్పుడు మెకానిక్‌కి అర్థమైంది. బావ బయటికెళ్లాలనుకుని ఉంటాడు. తలుపు రాలేదు. రెండు రెక్కల సందులోంచి అవతల గొలుసూ తాళమూ కనిపించి ఉంటాయి. బావకి కోపమొస్తే ఫోటో తీస్తాడు, అది అతని జబ్బు.

బావ బతుకంతా ఈ ఇత్తడి డబ్బాలో ఉంది. దాన్ని వీళ్లకి తనే విప్పి చూపించాలి.

ఇంకొకటి కూడా కనపడింది. లెన్స్ మీద మూత పెట్టే ఉంది.

"ఏంటి ఆలోచన?" అన్నాడు మేనేజరు.

"రేకు వంగింది సార్. సంచిలో పెట్టి చూడకుండా ఊడదియ్యాలి."

"తియ్యండి. ఇంకో మాట. నేనూ నాలుగు చోట్ల కనుక్కునే వచ్చాను. ఫిల్ము సరిగ్గా కడిగితే అంచుల్లో కంపెనీవాడు వేసిన నంబర్లు తేలతాయట. అవి రాకపోతే మీరు మందుల్లో చెయ్యి తిప్పినట్టు. నల్లగా మాడిపోతే వెలుతురు తగిలించినట్టు. అవునా?"

అవునన్నట్టు మెకానిక్ తలూపాడు. బొమ్మలు తేల్చే డెవలపర్ కంటే ముందు హైపో మందులో ముంచితే బొమ్మలన్నీ పోతాయన్న ఒక్క దారీ మనసులో మెదిలిన క్షణంలోనే మూసుకుపోయింది. అయినా ఆ దారిన వెళ్తే తను బయటపడతాడు గానీ బావ మునుగుతాడు.

నల్లసంచి జిప్పు తీశాడు. కెమెరా, చిన్న శ్రావణం, ఫిల్ము కడిగే గుండ్రటి ట్యాంకు, దాని చక్రం, అన్నీ లోపల పెట్టి జిప్పు మూశాడు. రెండు చేతులూ సంచి చేతుల్లోకి దూర్చాడు. మోచేతుల దగ్గర ఎలాస్టిక్ బిగిసింది. సంకెళ్లు కూడా ఇలాగే ఉంటాయేమో అనుకున్నాడు.

లోపల చీకట్లో వేళ్లే కళ్లు. శ్రావణంతో రేకు అంచు పట్టి వంచాడు. మూడోసారికి పట్టు వదిలింది. రీలు డబ్బా కిందికి జారి అరచేతిలో పడింది. పక్కకి పెడదామని సంచి మూలకి తోశాడు.

అక్కడ వేళ్లకి ఇంకో డబ్బా తగిలింది.

ఒక్క క్షణం చెయ్యి కొయ్యబారింది. నిన్న మధ్యాహ్నం ఈ సంచిలోనే రీళ్లు నింపాడు. ఒకటి లెక్కకి తక్కువొచ్చిందని బల్ల కిందంతా వెతికాడు కూడా. ఇదిగో, మూల మడతలో నక్కి కూర్చుంది. కొత్త రీలు. అదే చుట్ట, అదే కొలత, అదే పేరులేని డబ్బా. నాలుకలా బయటికున్న కొస కూడా వేలికి తెలుస్తోంది.

"చేతులు ఆగిపోయాయేం?" మేనేజరు వంగి చూశాడు.

"జామైంది సార్. గట్టిగా లాగితే తెగుతుంది."

"తెగకూడదు."

"అందుకే మెల్లిగా."

బావ రీలు డబ్బాలోంచి బయటికొచ్చి కెమెరాలో అవతలి చుట్టకి పూర్తిగా ఎక్కి ఉంది. డబ్బా నెత్తిమీది బొడిపె పట్టుకుని వేళ్లతో వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. ఒక్కో చుట్టూ లోపలికి వెళ్తుంటే తిప్పేకొద్దీ బిగుస్తోంది. చెమట కనుబొమ్మ మీంచి కంట్లోకి కారింది. తుడుచుకోవడానికి చెయ్యి లేదు.

"అబ్బ, ఏసీ గదిలో కూడా ఎంత చెమటో!" అన్నాడు గార్డు.

"ఇక్కడ ఏసీ ఎక్కడుందిరా?" అన్నాడు మేనేజరు.

"అదే సార్, ఉంటే కూడా అని."

మెకానిక్ ఆ మాటల మధ్య కొసని కూడా లోపలికి లాగేశాడు. ఇప్పుడా డబ్బా చూడ్డానికి ఖాళీ డబ్బాలాగే ఉంటుంది. తేడా వేలికి మాత్రమే తెలుస్తుంది, బొడిపె తిప్పితే ఖాళీది గిర్రున తిరుగుతుంది, నిండుది తిరగదు. తరవాత కొత్త రీలు బయటికి లాగి, చివర తెంపి, ట్యాంకు చక్రానికి చుట్టాడు. మూత బిగించాడు.

ఇప్పుడు సంచిలో రెండు డబ్బాలున్నాయి. బయటికి ఒక్కటే రావాలి.

వెళ్లేటప్పుడు గార్డు సంచి దులుపుతాడు. మెకానిక్‌కి అందులో సందేహం లేదు. దొరికేది నిండుదైతే ఇద్దరి బతుకులూ అక్కడితో సరి. రెండు బొడిపెలూ ఇంకోసారి తిప్పి చూశాడు. గిర్రున తిరిగినదాన్ని మూల మడతలోకి తోశాడు. తిరగనిదాన్ని పట్టుకుని జిప్పు తీశాడు. కెమెరా, ట్యాంకు, డబ్బా. మూడూ మేనేజరు ముందు పెట్టాడు.

"ఇదేంటి?" మేనేజరు డబ్బా తీసుకున్నాడు.

"రీలు వచ్చిన డబ్బా సార్. ఫిల్ము ట్యాంకులో ఉంది."

మేనేజరు దాన్ని చేతిలో ఎగరేసి పట్టుకున్నాడు. మళ్లీ ఎగరేశాడు. మెకానిక్ డెవలపర్ కొలుస్తున్నట్టు సీసా మీదే కళ్లు పెట్టాడు. కడగడానికి ఎనిమిది నిమిషాలు, హైపోకి అయిదు. ఆ పదమూడు నిమిషాలూ ఆ డబ్బా మేనేజరు చేతిలో బంతిలా ఎగురుతూనే ఉంది. ఒకసారి జారి నేలమీద పడితే గార్డు బూటు కిందకి రాబోయింది.

ఫిల్ము నీళ్లలో కడిగి ట్యూబ్‌లైటు కింద పట్టుకున్నాడు. ఎప్పుడూ డబ్బా బయటే ఉండే ఫిల్ము కొస మాత్రం నల్లగా ఉంది. అంచుల్లో నంబర్లు గట్టిగా తేలాయి. మధ్యలో మొదటినుంచి చివరిదాకా గాజులాగా ఉంది. ఒక్క బొమ్మ లేదు.

మేనేజరు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. అతని ముఖంలో ముందు సంతోషం కనపడింది, ఆ వెనకే అనుమానం. "ఏం చేశావు?" మీరు కాస్తా నువ్వయింది.

"నేనేం చెయ్యలేదు సార్. నంబర్లు చూడండి, మీరే చెప్పారుగా. బొమ్మలు పడలేదు, అంతే. మూత తియ్యలేదు మా బావ."

"ముప్పయ్యేళ్ల ఫోటోగ్రాఫర్. మూత తియ్యడం మర్చిపోతాడా? నా చెవిలో పువ్వు కనపడుతోందా?"

మెకానిక్ కెమెరా అందించాడు. "మూత అలాగే ఉంచి ఇందులోంచి చూడండి."

మేనేజరు కన్ను పెట్టాడు. గార్డు స్పష్టంగా కనిపించాడు, మధ్యలో పసుపు చుక్కలో మాత్రం ఇద్దరుగా. మెకానిక్ రింగు తిప్పాడు. ఇద్దరు గార్డులూ దగ్గరకి జరిగి ఒక్కడయ్యాడు.

"అలా ఒకటైతే దూరం కుదిరినట్టు. మూత ఉందిగా సార్, మరి మీకెలా కనపడుతోంది?"

మేనేజరు కన్ను తీసి లెన్స్ వైపు చూశాడు. మళ్లీ కన్ను పెట్టాడు.

"మామూలు కెమెరాల్లో లెన్స్‌లోంచే చూస్తాం, మూతుంటే చీకటి. ఇందులో చూసే కిటికీ వేరు, ఫోటో తీసే కన్ను వేరు. మూత తియ్యకపోయినా అంతా కనపడుతుంది, క్లిక్కుమని కూడా అంటుంది. దీంతో అలవాటు లేనివాళ్లంతా చేసే పొరపాటే ఇది. మా బావ ఇంతకుముందూ చేశాడు. ఇంట్లో ఆయన్ని పిలిచేదే మూతబావ అని."

మేనేజరు కెమెరా దించాడు. తరవాత గార్డు జేబులోంచి ఫోన్ తీయించి బల్లమీద పెట్టాడు. "మీ అక్కకి చెయ్యి. స్పీకర్లో. ఆ పేరెందుకొచ్చిందో ఆవిణ్ణే చెప్పనీ. ఒక్క మాట తేడా వచ్చినా..."

నాలుగో రింగుకి అక్క ఎత్తింది. వెనక ఆస్పత్రి వరండా సందడి.

"ఒరేయ్ స్క్రూగా, ఎక్కడ చచ్చావురా? పొద్దున్నే వస్తానన్నావు!"

"పనిలో ఉన్నానక్కా. ఒకటి అడుగుదామని. బావని మూతబావ అని ఎందుకంటాం?"

మెకానిక్ ఫోన్ మీదికి వంగాడు. అక్కకి అనుమానం రాకూడదు. ఏడుపూ రాకూడదు.

"నీకేమైనా మతి పోయిందా? మనిషి గొంతులో గొట్టంతో పడుంటే ఇప్పుడా పరాచికాలు?"

"ఊరికే గుర్తొచ్చిందక్కా. చెప్పవూ."

"ఏం చెప్పను, నా ఖర్మ! పెద్దదాని మొదటి పుట్టినరోజుకి నీ దిక్కుమాలిన కెమెరాయే పట్టుకొచ్చాడుగా. మా అత్తగారిని మూడు చీరలు మార్పించాడు. నవ్వండి, ఇంకొంచెం నవ్వండి అని అందరి దవడలూ నొప్పెట్టించాడు. కడిగితే ఏముంది, కిటికీ అద్దంలా ఖాళీ! మూత తియ్యలా మహానుభావుడు. మా అత్తగారు పోయేదాకా ఆ మాటే, 'అమ్మాయ్, నీ మొగుడు మూత తీశాడా' అని. పోనీ అప్పటికైనా బుద్ధొచ్చిందా? నీ పెళ్లిచూపుల్లోనూ మళ్లీ అదే పని కదా! అందుకేగా నీ దగ్గర ఆ రోజుది ఒక్క ఫోటో లేనిది!"

గార్డు పక్కకి తిరిగి భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. మేనేజరు పెదవి కొస కూడా వంగింది.

"సరేలే అక్కా, ఉంటాను."

"ఒరేయ్, ఉండు. ఆయన మళ్లీ ఆ పలక అడుగుతు..."

మేనేజరు ఫోన్ కట్ చేశాడు. కాగితమూ కలమూ ముందుకి తోశాడు. "రాయండి."

మళ్లీ మీరు వచ్చింది. మెకానిక్ రాశాడు. 'ఈ కెమెరాలోంచి నేను తీసిన డబ్బా ఇందులో జతచేశాను. నేను కడిగిన ఫిల్ము కూడా జతచేశాను, దానిమీద ఒక్క బొమ్మా లేదు. ఇటువంటి కెమెరాలో మూత తియ్యకపోయినా చూసేవారికి అంతా కనిపిస్తుంది.' కింద సంతకం పెట్టాడు. రెండోసారి చదువుకున్నాడు. అన్నీ నిజాలే.

మేనేజరు ఫిల్మునీ కాగితాన్నీ కవర్లో పెట్టాడు. డబ్బా వైపు చూసి, "ఈ రేకుముక్క ఎందుకు?" అని మూలనున్న చెత్తబుట్టలోకి విసరబోయాడు.

"జతచేశానని రాశాను సార్," అన్నాడు మెకానిక్. తలెత్తకుండా, పెట్టె సర్దుతూ అన్నాడు. "కవర్లో లేకపోతే రేపు ఆవిడ, డబ్బా ఏదీ, రీలు మార్చారా అంటుంది. పారేస్తానంటే చెప్పండి, ఆ ముక్క కొట్టేస్తాను. కాగితంమీద కొట్టివేతలుంటే కూడా అడుగుతారు, మీ ఇష్టం."

మేనేజరు చెయ్యి గాల్లో ఆగింది. విసుగ్గా డబ్బాని కవర్లో పడేసి, అంటించి, అతుకు మీద తన సంతకం గీశాడు.

గార్డు నల్లసంచి తిరగేసి దులిపాడు. మూలలోంచి రేకుడబ్బా ఠంగుమని నేలమీద పడింది.

"సార్! ఇంకోటి!"

మేనేజరు ఒక్క అంగలో వచ్చి లాక్కున్నాడు. గోటితో మూత ఊడబెరికాడు. లోపల ప్లాస్టిక్ చుట్ట ఒక్కటే గిర్రున తిరిగింది.

"ఖాళీది సార్," అన్నాడు మెకానిక్. "వీటిల్లోనే నేను రీళ్లు నింపేది. ఎక్కడపడితే అక్కడ పడుంటాయి."

మేనేజరు దాన్ని గార్డు మీదికి విసిరి, తలుపు తట్టాడు. గొలుసు విప్పిన చప్పుడు. ఒక చుట్టు, రెండో చుట్టు. మెకానిక్ గేటు దాటి, రోడ్డు మలుపు తిరిగి, ఒక గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

బయటపడ్డాడు గానీ భయం వదల్లేదు. మూత సంగతి అప్పుడు తొలవడం మొదలుపెట్టింది. కెమెరా తన చేతికొచ్చినప్పుడు మూత పెట్టే ఉంది. పని అవగానే మూత పెట్టేసే అలవాటు బావకుంది, నిజమే, కానీ తనాడిన అబద్ధమే నిజమైతే? బావ నిజంగానే మూత తియ్యకపోయి ఉంటే? ఆ డబ్బాలో ఉన్నదీ ఖాళీ ఫిల్మే అయితే, తను ఇంత ఆటా ఆడింది ఇంకో గాజుముక్క కోసమా? ఆస్పత్రికెళ్లి బావనే అడుగుదామనుకున్నాడు. అక్కడ ఎవరి చెవులున్నాయో! తెల్లారేదాకా మంచంమీద పడుకున్నా మనసంతా ఆ కిటికీలేని గదిలోనే ఉంది.

పదింటికి విచారణాధికారి ముందు ఇద్దరూ కూర్చున్నారు. ఆవిడ కవరు ఎత్తి చూపించింది. "అతుకు మీద సంతకం మీదేనా?"

"నాదే మేడమ్," అన్నాడు మేనేజరు. "మీకివ్వడానికి నా చేత్తో అంటించాను. ఇంకెవరూ ముట్టుకోలేదు."

"ఈ స్టేట్‌మెంటు మీదేనా?"

"నాదే మేడమ్," అన్నాడు మెకానిక్. "రాసిన ప్రతి మాటా నిజమే. కాకపోతే నేను కడిగిన ఫిల్ము ఆ డబ్బాలోది కాదు. డబ్బాలోది డబ్బాలోనే ఉంది. వెలుతురులో మాత్రం తెరవద్దు."

మేనేజరు సగం లేచాడు. "అబద్ధం! అది ఖాళీ..."

"మీ చేత్తోనే అంటించారుగా," అంది ఆవిడ. "కూర్చోండి. నన్నడక్కుండా ఎవరూ గది దాటకండి."

ఫోటోల విభాగం ఆ భవనంలోనే కింద అంతస్తులో ఉంది. డబ్బా కిందికి వెళ్లింది. మేనేజరు తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు, దానిముందు కానిస్టేబులు నిలబడ్డాడు. మెకానిక్ గోడగడియారం చూస్తున్నాడు. డెవలపర్ ఎనిమిది నిమిషాలు. హైపో అయిదు. మూత తీశావా బావా? నీళ్లలో కడగడం ఇంకో అయిదు. ఒక్కసారి, ఈ ఒక్కసారి తీశావా?

తడి ఆరని ఫిల్ము పట్టుకుని ఒకాయన వచ్చి కిటికీ వెలుతురుకి ఎత్తాడు. మెకానిక్ కళ్లు మూసుకున్నాడు.

"ఇరవైమూడు మొహాలు మేడమ్," అన్నాడాయన. "ఆఖరిది తలుపు సందు. దగ్గర్నుంచి తీశాడు. అవతల గొలుసు, తాళం. తాళంమీద నంబరు కూడా చదవొచ్చు."

మధ్యాహ్నం మెకానిక్ ఆస్పత్రికెళ్లాడు. బావ మంచం తలాపున కానిస్టేబులు కుర్చీ వేసుకున్నాడు, పట్టుకెళ్లడానికి కాదు, కాపలాకి. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. "చివరికి నువ్వు మూత తియ్యలేదని చెప్పి బయటపడ్డాను బావా. ఏమనుకోకు."

బావ కళ్లు ఎర్రబడ్డాయి. పలక లాక్కున్నాడు. సుద్ద విరిగేంత గట్టిగా రాసి ఇద్దరికీ తిప్పి చూపించాడు.

'తీశా.'

అక్క ముక్కు చీదుకుని పలక అందుకుంది. "ఈసారి తీశారులెండి," అంది. "మిగతా రెండుసార్ల సంగతి రాయండి చూద్దాం."